పక్కింటి షెడ్డు, ఒక టేపు, పాత నోట్‌బుక్కులు

మేం నార్త్ కరోలినా వచ్చిన కొత్తలో ప్రతి శనివారం పొద్దున్నే ఏడింటికల్లా పక్కింటి షెడ్డులోంచి ఇంజిన్ మోత మొదలయ్యేది, అది మామూలు మోత కాదు, మా వంటింట్లో స్టాండులో ఉన్న స్టీలు గ్లాసులు ఒకదానికొకటి టకటకా కొట్టుకునేవి. రెండు వారాలు ఓపిక పట్టాం, మూడో వారం మా ఆవిడ వెళ్ళి అడగమని నన్ను తోసింది. ఏదో గట్టిగానే చెప్దామని వెళ్ళా. తీరా చూస్తే షెడ్డులో ఎనభై దాటిన ఒక ముసలావిడ ఎత్తు తక్కువ స్టూలు మీద కూచుని, దర్జీ టేపు లాంటి సన్నటి టేపు టైరు చుట్టూ తిప్పి కొలుస్తోంది. నన్ను చూసి హలో లేదు ఏం లేదు, "ఆ చివర పట్టుకో" అంది. పట్టుకున్నా. ఆరేళ్ళయింది, ఇంకా పట్టుకునే ఉన్నా.

వాళ్ళది స్టాక్ కార్ రేసుల కుటుంబం. ఈవిడ మామగారు 1950ల్లో మొదలెట్టాడట, ఆయన తర్వాత ఈవిడ భర్త, ఆ తర్వాత కొడుకు, ఇప్పుడు మనవరాలు, పదిహేడేళ్ళ పిల్ల. టీవీలో చూసే పెద్ద నాస్కార్, అంటే దేశమంతా స్టాక్ కార్ రేసులు పెట్టే సంస్థ, వాళ్ళవి కాదులెండి, శనివారం రాత్రి ఊరి ట్రాక్‌లో జరిగేవి, అర మైలు కూడా ఉండని ఓవల్, అంటే కోడిగుడ్డు ఆకారం ట్రాక్, అంతా ఎడమ వైపు తిరగడమే. నడిపేవాళ్ళు సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్లంబర్లు, లారీ డ్రైవర్లు, కార్ మెకానిక్కులు. స్టాక్ అంటే ఒకప్పుడు షోరూంలో దొరికిన కారు దొరికినట్టే అని అర్థం, ఇప్పుడు ఆ పేరు ఒక్కటే మిగిలింది, రేకు తీస్తే లోపలంతా స్టీలు పైపులు, తలుపు తెరుచుకోదు, కిటికీలోంచి దూరి కూచోవాలి. నేనొకసారి దూరబోయి నడుము పట్టేసి బైటకి రాలేకపోయా, ఆ కథ ఇక్కడొద్దు.

ఈ ప్రాంతంలో రేసుల చరిత్ర అనగానే అందరూ నాటుసారా దగ్గర మొదలెడతారు. కొండల్లో సారా కాచి రాత్రుళ్ళు కార్లలో ఊళ్ళకి చేరవేసేవాళ్ళు, వెనక టాక్స్ వాళ్ళు తరిమేవాళ్ళు, అందుకని చూడ్డానికి మామూలుగా ఉండే కారులో లోపల ఇంజిన్ మాత్రం వేరేది పెట్టేవాళ్ళు. విల్క్స్ కౌంటీకి చెందిన జూనియర్ జాన్సన్ అలా వచ్చినవాడే, 1956లో వాళ్ళ నాన్నకున్న సారా బట్టీ దగ్గర తను దొరికిపోయి జైలుకెళ్ళాడు, బైటికొచ్చాక రేసుల్లో మొత్తం 50 గెలుపుల దాకా వెళ్ళాడు, 1986లో రీగన్ ఆయనకి క్షమాభిక్ష ఇచ్చాడు. నేనూ ఉత్సాహంగా మీ మామగారు కూడా సారా మోశాడా అని అడిగా. ఆవిడ టేపు చుట్టేస్తూ, "ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా మా తాత మోశాడనే చెప్తారు, అందరూ మోస్తే మరి కాసిందెవరు?" అంది. ఆయన సాక్సు మిల్లులో పనిచేసేవాడట, అంతే.

సారా కథల్లో ఆవిడకి నచ్చేది ఒక్కటే, స్ప్రింగుల కథ. సారా బరువుకి కారు వెనక భాగం కిందకి దిగిపోతే పోలీసులకి ఇట్టే తెలిసిపోతుంది కదా, అందుకని వెనక స్ప్రింగులు గట్టివి వేసేవాళ్ళు. 1949 జూన్ 19న షార్లెట్‌లో నాస్కార్ మొట్టమొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసు పెట్టారు, మట్టి ట్రాక్, దాని చుట్టూ 200 లాప్‌లు. గ్లెన్ డన్‌అవే అనే ఆయన 1947 ఫోర్డులో అందరికన్నా ముందొచ్చాడు. రేసయ్యాక చెక్ చేస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి, సారా బండ్లకి చేసే పనే అది. డిస్‌క్వాలిఫై చేసి రెండోవాడు జిమ్ రోపర్‌కి ఇచ్చేశారు, కారు ఓనరు కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. అంటే ఈ ఆటలో మొదటి రోజు మొదటి విజేతే టెక్‌లో, అదే కారు రూల్స్ ప్రకారం ఉందా అని చేసే చెకింగ్‌లో, దొరికిపోయాడన్నమాట! మూడేళ్ళ కింద మనవరాలి కారు టెక్‌లో ఎత్తు ఒక వెంట్రుకవాసి తక్కువుందని రెండో స్థానం పీకేస్తే ఆ పిల్ల ట్రక్కులో కూచుని ఏడుస్తోంది, ఈవిడ వెళ్ళి ఓదార్పు మాటలేం చెప్పలేదు, ఈ డన్‌అవే కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. ఆ పిల్ల ఆ కథ అప్పటికి వందసార్లు విని ఉంటుంది. వినీ వినీ విసుగొచ్చి ఏడుపు ఆపేసింది.

అదే రేసులో లీ పెట్టీ అనే డ్రైవర్ ఒక బ్యూక్ కారుని పల్టీ కొట్టించాడు. ఎవరిదో అడిగి తెచ్చుకున్న బండి. పన్నెండు కూడా నిండని కొడుకు రిచర్డ్ చూస్తూనే ఉన్నాడు. ఆ పిల్లాడే తర్వాత 200 రేసులు, 7 చాంపియన్‌షిప్‌లు గెలిచాడు, ఆయన కొడుకు కైల్, కైల్ కొడుకు ఆడమ్, వరసగా నాలుగు తరాలు. ఆడమ్ 2000 మేలో న్యూ హాంప్‌షైర్‌లో ప్రాక్టీసులో చనిపోయాడు, 19 ఏళ్ళు. ఈ సంగతి మాత్రం వాళ్ళ షెడ్డులో ఎవరూ ఎత్తరు. మనవరాలికి కూడా ఇంకో రెండేళ్ళలో 19 వస్తాయి.

సరే టైర్ల దగ్గరికొస్తా, నాకు తెలిసిన పని అదొక్కటే కాబట్టి. కుడి వైపు టైర్లు ఎడమ వైపు వాటికన్నా చుట్టుకొలతలో కాస్త పెద్దవి ఉండాలి, దాన్ని స్టాగర్ అంటారు. ఎందుకో నాకు నాలుగు వారాలు అర్థం కాలేదు, ఒకే సైజువి వేసుకోక ఈ కొలతలేంటి అనుకునేవాణ్ణి. తర్వాత ఇంట్లో స్టీలు గ్లాసు చేజారి కింద పడి నేల మీద గుండ్రంగా తిరుగుతూ పోయింది, మూతి వైపు వెడల్పు, అడుగు వైపు సన్నం కదా, నేరుగా దొర్లదు. అప్పుడు వెలిగింది. ఈ కార్లలో వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి, అందుకని బైటి చక్రం పెద్దదైతే కారు తనంతట తనే ఎడమకి ఒంగుతుంది. గ్లాసు పట్టుకెళ్ళి షెడ్డు నేల మీద దొర్లించి చూపించా. ఆవిడ గ్లాసు తిరిగివ్వలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది, నట్లు వేసుకుంటున్నారు.

టైర్లో గాలి అర పౌండు అటూ ఇటూ అయినా ఆ కొలత మారిపోతుంది, ఎండలో పెడితే మారిపోతుంది. అందుకే పొద్దున, సాయంత్రం, రేసు అయిన వెంటనే, మూడుసార్లు కొలిచి ఆవిడ నోట్‌బుక్కులో రాస్తుంది. 1967 నుంచి రాస్తోందట. అట్టపెట్టెల్లో ఉన్నాయి అన్నీ. నాలుగు టైర్ల కొలతలు, గాలి, వాతావరణం, లాప్ టైములు, చివర్లో డ్రైవర్ చెప్పిన ఒక్క మాట, లూజ్ అనో టైట్ అనో. వెనక భాగం జారిపోతే లూజ్, ఎంత తిప్పినా ముందు భాగం తిరక్కపోతే టైట్. ఇక్కడ అందరూ చెప్పే జోకు, గోడ కనిపిస్తుండగా గుద్దితే టైట్, కనపడకుండా గుద్దితే లూజ్ అని.

ఒకసారి వానొచ్చి రేసు ఆగిపోతే పాత పుస్తకాలు తిరగేశా. భర్త నడిపిన పదిహేడేళ్ళలో గెలిచింది తొమ్మిదిసార్లు. తొమ్మిదే! నేను లెక్క తప్పానేమో అని మళ్ళీ చూశా. మిగతావన్నీ ఆరో స్థానం, పదకొండో స్థానం, ఇంజిన్ పోయింది, రేడియేటర్ పగిలింది. కొడుకుది ఇంకా తక్కువ. ఊళ్ళో మాత్రం వాళ్ళని రేసుల ఫ్యామిలీ అనే అంటారు. ఒక రాత్రి గెలిస్తే వచ్చే డబ్బుతో నాలుగు టైర్లు కూడా రావు, ఇది నేనే లెక్క కట్టి చెప్పా, సాఫ్ట్‌వేర్ వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, ఎక్సెల్ షీట్ వేసి మరీ చూపించా. కొడుకు చూసి "ఇది మా అమ్మకి చూపించకు" అన్నాడు. ఆవిడకి తెలీదా ఏంటి, ప్రతి పేజీ అడుగున ఖర్చు రాసింది ఆవిడే కదా.

మా తాతయ్య బండలాగుడు పందేలకి ఒంగోలు ఎడ్లని మేపేవాడు. పొలం కౌలుకిచ్చి మరీ వాటికి ఉలవలు పెట్టేవాడని నాయనమ్మ చచ్చేదాకా తిడుతూనే ఉండేది, పందెం రోజు మాత్రం అందరికన్నా ముందు లేచి వాటికి పసుపు, కుంకుమ పెట్టేది ఆవిడే. అందుకేనేమో ఈ షెడ్డు నాకు కొత్తగా అనిపించలేదు. మా నాయనమ్మా, ఈవిడా, ఇద్దర్లో ఎవరూ పగ్గం గానీ స్టీరింగ్ గానీ పట్టుకున్నవాళ్ళు కాదు. ఎవర్ని అడిగినా ఈ ఇంట్లో నాలుగు తరాల డ్రైవర్లు అంటారు, నాకు మాత్రం డ్రైవర్లు మారుతూ పోయారు, రేసు మొదట్నుంచీ ఈవిడదే అనిపిస్తుంది. మరి మీరెందుకు నడపలేదు అని అడిగా, 1949 ఆ మొదటి రేసులోనే సారా క్రిస్టియన్ అనే ఆవిడ నడిపింది కదా అని నా కొత్త జ్ఞానం కూడా చూపించుకున్నా. "నేను నడిపితే టైర్లెవరు కొలుస్తారు" అంది.

పోయిన వేసవి నుంచి ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి. కొలత చెప్తుంది, రాసేది నేను. మొన్న శనివారం పిల్ల తొమ్మిదో స్థానంలో వచ్చింది, హెల్మెట్ తీసి "టైట్, చివర పది లాప్‌లు మరీ టైట్" అని చెప్పి నీళ్ళ బాటిల్ తీసుకుని వెళ్ళిపోయింది. నేను కంగారుగా రాసుకున్నా, టైరు ఇంకా కాలుతోంది, ఆవిడ అంకెలు చెప్పుకుంటూ పోతోంది. ఆదివారం ఆవిడ పుస్తకం పట్టుకుని మా ఇంటికే వచ్చింది, ఈ జిలేబీ చుట్టలేంటి అని. చూస్తే తొందరలో ఎడమ వెనక, కుడి వెనక అని తెలుగులో రాసేశా. చెరిపేస్తా ఇవ్వండి అన్నా.

"పుస్తకంలో చెరపడాలు లేవు, కింద రాయి" అంది.

కింద ఎల్.ఆర్., ఆర్.ఆర్. అని రాసిచ్చా.