అసెట్ రిజిస్టర్‌లో మన పేరుండదు

గల్ఫ్ రిఫైనరీల్లో రోజంతా చెవిన పడే మాట అసెట్. నేను అబుధాబి వైపు ఒక ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ప్లానర్‌ని. మా దగ్గర అసెట్ అంటే పంపు, వాల్వు, కంప్రెసర్. ప్రతిదానికీ ఓ ట్యాగ్ నంబరు ఉంటుంది. సిస్టంలో ఆ నంబరు కొడితే దాని జాతకమంతా వచ్చేస్తుంది: ఎప్పుడు బిగించారు, బేరింగ్ ఎప్పుడు మార్చారు, సీల్ ఎన్నిసార్లు లీకైంది, ఈ నెల వైబ్రేషన్ ఎంత. రీడింగ్ కాస్త పెరిగితే చాలు, మీటింగ్ పెట్టేస్తారు. నడుం నొప్పి అని ఫిట్టర్ చెప్పుకుంటే మాత్రం క్యాంప్ క్లినిక్‌లో రెండు మాత్రలిచ్చి పంపిస్తారు.

మా గాజువాకలో లెక్క వేరు. సెలవుకి వెళ్తే మావయ్య మొదట అడిగేది, "ఏటల్లుడూ, అసెట్లేమైనా కూడబెట్టావా?" అనే. ఆయన దృష్టిలో అసెట్ అంటే మధురవాడలో ఫ్లాటు, లేదా ఆనందపురం వైపు ఓ సైటు. దాని మీద బ్యాంకు లోను ఎంతుందో ఆయన అడగడు, పెళ్లి సంబంధాల వాళ్లూ అడగరు.

నిజానికి ఆ మాట పుట్టిందే అప్పుల దగ్గర. పాత ఫ్రెంచిలో దాని మూలానికి 'చాలినంత' అని అర్థం. చనిపోయిన మనిషి వదిలిన సొత్తు అతని బాకీలు తీర్చడానికి సరిపోతుందా అని చూసేటప్పుడు ఇంగ్లండు న్యాయవ్యవహారాల్లో వాడేవారు. అప్పటి రూపం 'అసెట్స్' చివర 'ఎస్' శబ్దం ఉండటంతో జనం బహువచనం అనుకున్నారు. అది తీసేసిన 'అసెట్' 19వ శతాబ్దంలో వాడుకలోకొచ్చింది. మన ఆస్తితో దానికి చుట్టరికం లేదు, వినడానికి పోలికంతే.

మనిషినీ అసెట్ అంటారు, ఫేర్‌వెల్ కేకు కోసేటప్పుడు. అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం అసెట్ అనేది కంపెనీ అదుపులో ఉండాలి. నోటీసిచ్చి వెళ్లిపోగల మనిషి మామూలుగా ఆ లెక్కలోకి రాడు. అతని జీతం ఖర్చు పద్దులో పడుతుంది. తమాషా ఏమిటంటే, ఉద్యోగం వదిలేటప్పుడు మనకివ్వాల్సిన గ్రాట్యుటీ లయబిలిటీల కింద, అంటే కంపెనీ తీర్చాల్సిన బాకీల్లో ఉంటుంది. నన్నడిగితే కేకు దగ్గరి పొగడ్త కంటే ఆ పద్దే నయం.

యూఏఈ కార్మిక చట్టంలో ఏడాది పూర్తి చేసినవాళ్లకి గ్రాట్యుటీ ఉంది. మొదటి ఐదేళ్లకీ ఏడాదికి 21 రోజుల బేసిక్ (మూల జీతం), ఆ పైన ఏడాదికి 30 రోజులది. హౌసింగ్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సులు కలపరు. 6,000 దిర్హాముల జీతంలో బేసిక్ 2,400 అని రాస్తే ఐదేళ్లకి వచ్చేది 8,400. అదే బేసిక్ 4,000 అయితే 14,000. వైజాగ్ కుర్రాళ్లు ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పెట్టి "అన్నా, ప్యాకేజీ బానే ఉందా?" అని అడిగితే నేను ముందు బేసిక్ ఎంతో చూస్తాను. ఏజెంట్లు దాని గురించి నోరెత్తరు.