చింతచెట్టు కింద లక్ష్మీబాంబులు

నిద్ర రాలేదు. కడుపులో పెట్టుకుంటే రేపు కూడా రాదు.

మూలింటి చిన్నమ్మ వాళ్ల అబ్బోడు ఈ రోజు కూడా గబ్బిలాలు వేలాడే చింతచెట్టు కింద లక్ష్మీబాంబులు పేల్చినాడు, అదీ నాలుగు గంటల ఎండలో. కడప మే నెల సంగతి మీకు చెప్పాల్నా? 42 డిగ్రీలు దాటితే ఈ పెద్ద గబ్బిలాలకు మనుషుల మాదిరే వడదెబ్బ. పొద్దంతా రెక్కలతో విసురుకుంటూ ఎట్లో ప్రాణం నిలుపుకుంటాయి. పైగా తల్లుల పొట్టకు పిల్లలు కరుచుకుని ఉండే కాలం. ఏడాదికి ఒక్కటే ఈనేది. అవన్నీ ఒక్కసారిగా లేచి అరుస్తుంటే నాకు చేతులు వణికినాయి.

అడిగితే "గబ్బిలాలతో నిపా జబ్బు వస్తాది అక్కా, ఫోన్లో చూసినా" అంటాడు. 2018లో కేరళలోని కోజికోడ్‌లో వచ్చింది నిజమే. వీటిలో ఆ వైరస్ ఉంటుందన్నదీ నిజమే. దానికి గబ్బిలం కొరికిన పండు తినకూడదు, కింద పడి ఉన్న గబ్బిలాన్ని ముట్టుకోకూడదు. బాంబు పేలిస్తే వైరస్ చస్తుందా? వాళ్ల మామేమో "వీటిని చంపినా కేసు లేదు" అని వత్తాసు. 1972 వన్యప్రాణి చట్టంలో వీటిని ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది వాస్తవం. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేసినారు. ఇప్పుడివి రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. చెప్తే విన్నాడా? లేదు.

మా జేజి ఉండుంటే వాళ్లకు బాగా చెప్పేది. వేపపండ్ల కాలంలో తెల్లారకముందే గంప చేతికిచ్చి నన్ను మర్రిచెట్టు కిందికి పిలుచుకుపోయేది. రాత్రంతా గబ్బిలాలు వేపపండ్లు తెచ్చుకుని చప్పరించి ఉమ్మిన గింజలు, గుజ్జన్నదే లేకుండా, కడిగి ఆరబోసినట్టు పడి ఉండేవి. వేరేవాళ్లు పండ్లు ఏరుకొచ్చి, నానబెట్టి, పిసికి, ఎండబెట్టాల. మాకు ఆ పనే లేదు. మండీలో అమ్మితే వచ్చిన దుడ్లు జేజి కొంగున ముడేసుకునేది. నాకు బొరుగులుండలు. "కూలి అడగకుండా చేసి పెడతాండాయి, రాళ్లేయగాకండి" అని పిల్లోళ్లను తరిమేది. మా చేని గట్టు మీద వేపచెట్లు ఎవరూ నాటినవి కావు, ఇవి రాల్చిన గింజలకు మొలిచినవే.

పొద్దున్నే అటవీశాఖ ఆఫీసుకు పోదామనుకునే ఇది రాయడం మొదలుపెట్టినా. ఇప్పుడు వద్దనిపిస్తాంది. చిన్నమ్మ పెరట్లో ఆరేసిన బట్టల నిండా రెట్ట. నీళ్లతొట్టికి మూత లేదు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది. ఆమె భయపడడంలో తప్పేముంది? చెట్టు నీడ మాకు, మురికి వాళ్లకు. ఇదేం న్యాయం?

మిద్దె మీదున్న మా టార్పాలిన్ తీసుకుపోయి తొట్టి మీద కట్టిస్తా. బట్టలు మా దండెం మీద ఆరేసుకోమని చెప్తా. మా ఆయన "నీకెందుకు" అంటాడు, అననీ. కొమ్మలు కొట్టిస్తామంటే మాత్రం ఒప్పుకోను. ఇంకోసారి బాంబు పేలితే ఆఫీసుకు పోయేదే.