ఓటు లేకపోతే నోరు లేదా?

"ఓటు లేకపోతే నోరు కూడా లేదా నీకు?" అని మా పక్కింటి పెద్దావిడ అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కోపంగా అనలేదు. మొక్కలకు నీళ్లు పెడుతూ, నా వైపు సరిగా చూడకుండానే మామూలుగా అంది, అందుకే ఎక్కువ తగిలిందేమో. ఆవిడ రిటైరైన స్కూల్ టీచర్, మెక్సికన్ అమెరికన్, తాతల కాలం నుంచీ టెక్సస్‌లోని ఈ శాన్ ఆంటోనియోలోనే. మా వాడికి జ్వరమొస్తే చికెన్ సూప్ చేసి పంపే మనిషి, నన్ను కూతురిలా చూసుకునే మనిషి, అలా అనేసరికి ఒళ్లు మండింది.

సంగతేమిటంటే, మా కాలనీ నుంచి పెద్ద రోడ్డెక్కాలంటే ఒక వాగు దాటాలి. వంతెన లేదు, మన పల్లెల్లో చప్టాల్లాగే వాగు మీదుగానే రోడ్డు వేసేశారు. ఎండాకాలంలో అక్కడ వాగుందని కూడా తెలియదు, గట్టి వాన పడితే మాత్రం నిమిషాల్లో నీళ్లు రోడ్డెక్కుతాయి. ఈ ఊళ్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. 2025 జూన్ 12 తెల్లవారుజామున కురిసిన వానకి లూప్ 410 అనే రింగురోడ్డు పక్కన పెరిన్ బైటెల్ రోడ్డు దగ్గర కార్లకు కార్లే వాగులోకి కొట్టుకుపోయాయి, ఆ వరదలో ఊరు మొత్తమ్మీద 13 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆవిడ ఇంటింటికీ తిరిగి, మన వాగు సంగతి కౌన్సిల్ మెంబర్‌ని అడుగుదాం రండి అని పిలిచింది. మా వీధిలో సగం ఇళ్లు ఇండియన్లవి, అందులో తెలుగువాళ్లమే ఎక్కువ. మావాళ్లంతా చెప్పిన జవాబే నేనూ చెప్పాను, వీసా మీద ఉన్నాం, ఓటు లేదు, మేమొచ్చి ఏం చేస్తాం అని. దానికి వచ్చిన మాట అది. "మీ అబ్బాయి స్కూల్ బస్సు ఆ నీళ్లలోంచే కదా పోయేది" అని కూడా అంది.

మనసులో ఆవిడతో ఎంత వాదించానో. మనవాళ్లు పట్టించుకోని మనుషులా? డాలస్‌లోనో అట్లాంటాలోనో మన కుర్రాడెవరైనా యాక్సిడెంట్‌లో పోతే, ముఖం కూడా ఎరగనివాళ్లు తలా కాస్త వేసి, కాగితాల పని అంతా నెత్తిన వేసుకుని, ఆ పిల్లాణ్ణి తల్లిదండ్రుల దగ్గరికి పంపిస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా అమ్మానాన్న అపార్ట్‌మెంట్‌లో చిక్కుకుపోయారు. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు, కింద నీళ్లు, పైన వీళ్లు. ఆ వారం నేను నిద్రపోలేదు. కానీ ఇక్కడి తెలుగువాళ్లు శనివారం వచ్చేలోగానే డబ్బు పోగేశారు, అక్కడున్న స్నేహితుల ద్వారా పాల ప్యాకెట్లు, మంచినీళ్లు, బిస్కెట్లు పడవల మీద పంపించారు. నోరు లేదంటే ఒప్పుకోవచ్చునేమో, చెయ్యి లేదంటే మాత్రం ఎవరితోనైనా పోట్లాడతాను.

ఆ వరదప్పుడు కూడా ఈవిడే నా పక్కన కూర్చుంది. సూప్ తెచ్చింది, మా అమ్మ ఫోన్ కలిసేదాకా కదల్లేదు. తర్వాత ఒక ప్రశ్న అడిగింది, ఆ నీళ్లు ఎందుకొచ్చాయి అని. గట్లకు గండ్లు పడ్డాయి, వాగు దారి ఏళ్ల తరబడి ఆక్రమణలతో ఇరుకైపోయింది, 2005లోనూ ఇలాగే ముంచింది అని చెప్పాను. "మరి 2005 తర్వాత ఎవరిని అడిగారు, ఏం చేస్తామని చెప్పారు, చేశారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎంత డబ్బు పంపామో రూపాయలతో సహా చెప్పగలను, ఇది మాత్రం చెప్పలేను. అమెరికాలో అందరూ ఇంతే, అన్నిటికీ లెక్కలడుగుతారు అని అప్పుడు అనుకున్నాను. ఆవిడ ఎందుకలా అడిగిందో, ఆవిడ వాళ్ల అమ్మ సంగతి తెలిశాక అర్థమైంది.

సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా ఇక్కడ హిస్పానిక్ హెరిటేజ్ మంత్ అని స్పానిష్ మూలాలున్నవాళ్ల సంస్కృతికి ఒక నెల జరుపుతారు. మా ఆఫీసులోనూ పోస్టర్లు పెడతారు, పొలం కూలీల హక్కుల నాయకురాలు డోలరెస్ హ్యుర్టా లాంటి పెద్దవాళ్ల ఫొటోలు, కింద రెండు వాక్యాలు. మంచిదే. కానీ ఈ ఊళ్లో నిజంగా నీళ్లు మళ్లించిన మనుషుల గురించి ఆ పోస్టర్లలో ఏమీ ఉండదు, నాకు తెలిసింది పక్కింటావిడ వల్లే.

శాన్ ఆంటోనియో పశ్చిమ భాగం మెక్సికన్ కుటుంబాల పేట. 1921 సెప్టెంబరులో పెద్ద వరదొచ్చి ఎక్కువగా అక్కడివాళ్లే చనిపోయారు. నగరం దాని తర్వాత కట్టిన ఓల్మోస్ డ్యామ్ మాత్రం డౌన్‌టౌన్‌ని కాపాడటానికి. పశ్చిమాన వాగులు అలాగే వదిలేశారు. మరో యాభై ఏళ్లు ప్రతి వానకీ ఆ ఇళ్లల్లోకి మురుగు, పిల్లలు మోకాలి లోతు నీళ్లలో బడికి. ఈ కథ చదివి సింగ్ నగర్ వాళ్లెవరూ ఆశ్చర్యపోరు.

1970ల మొదట్లో ఎర్నెస్టో కోర్టెస్ అనే అక్కడి కుర్రాడే షికాగోలో ఆర్గనైజింగ్, అంటే జనాన్ని కూడగట్టే పని, నేర్చుకుని తిరిగొచ్చాడు. నాయకులను వెతకడానికి పార్టీ ఆఫీసులకు వెళ్లలేదు, చర్చిలకు వెళ్లాడు. పండగలకు వంటలు చేసేవాళ్లు, చందాల లెక్క రాసేవాళ్లు, స్కూల్ పేరెంట్స్ మీటింగులు నడిపేవాళ్లు, వీళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మీకు దేని మీద కోపం అని అడిగాడు. అందరూ చెప్పింది డ్రైనేజీ గురించే. అలా 1974లో పుట్టింది కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్, పొట్టిగా కాప్స్. మొదటి అధ్యక్షుడు ఆండ్రెస్ సరాబియా కెల్లీ ఎయిర్ ఫోర్స్ బేస్‌లో ఉద్యోగి, ఆయన తర్వాత వచ్చిన బియాట్రిస్ గాయెగో గృహిణి. మా పక్కింటావిడ వాళ్లమ్మ వీళ్లల్లో ఒక మామూలు సభ్యురాలు, పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఈ కాప్స్ వాళ్లు చేసిన మొదటి పని నన్ను పట్టేసింది. నినాదాలు కాదు, మున్సిపల్ ఆఫీసుకెళ్లి పాత ప్లాన్లు, బడ్జెట్ కాగితాలు చదివారు. చదివితే ఏం తేలిందీ, వాళ్ల వీధి డ్రైనేజీ పని 1945 ప్లాన్‌లోనే ఉంది. దాదాపు ముప్పై ఏళ్లుగా కాగితం మీదే ఉంది. ఆ కాగితాలు పట్టుకుని వందల మంది సిటీ కౌన్సిల్‌కి వెళ్లి అడిగారు. ఆ నవంబరులోనే డ్రైనేజీ పనులకి నగరం అప్పు తెచ్చుకునే 4 కోట్ల 60 లక్షల డాలర్ల బాండ్లు ఓటర్ల ముందుకొచ్చాయి, ఓటర్లు ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాది 1975లో పెద్ద వ్యాపారులు వీళ్లతో మాట్లాడటానికి ఇష్టపడకపోతే, జోస్కీస్ అనే పెద్ద బట్టల షాపుకెళ్లి పగలంతా బట్టలు వేసుకుని చూసుకుని ఏమీ కొనకుండా వచ్చారు, ఫ్రాస్ట్ బ్యాంకులో లైన్లు కట్టి నోట్లకు పెన్నీలు, పెన్నీలకు నోట్లు మార్చుకుంటూ నిలబడ్డారు. ఎవరినీ తిట్టలేదు, రాయి విసరలేదు. ఆవిడ ఇది చెబుతుంటే వాళ్లమ్మ ఆ రోజు వేసుకున్న మంచి కోటు గురించి కూడా చెప్పింది, షాపువాళ్లు వంక పెట్టకూడదని ఉన్నదాంట్లో మంచిది వేసుకెళ్లిందట.

1977లో కౌన్సిల్‌కి వార్డులవారీ ఎన్నికలొచ్చాయి, అంతకుముందు ఊరంతా కలిపి ఒకే ఓటు కాబట్టి పశ్చిమాన నెగ్గేవాళ్లు తక్కువ. 1990లో లెవైస్ జీన్స్ ఫ్యాక్టరీ మూతపడి వెయ్యి మందికి పైగా పని పోతే, వీళ్లే మరో సంస్థతో కలిసి ప్రాజెక్ట్ క్వెస్ట్ అని 1992లో ఉద్యోగ శిక్షణ పెట్టించారు, అది ఇప్పటికీ నడుస్తోంది.

వీళ్ల మీటింగుల తీరు కూడా అడిగి తెలుసుకున్నాను. నాయకుడొస్తే రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఈ పని చేస్తారా, చేయరా, అవునో కాదో చెప్పండి అంటారు. చెప్పింది అందరి ముందూ రాసుకుంటారు. టైమ్ అయితే మైక్ తీసేస్తారు. ఇక్కడే నాకు మన సభలు గుర్తొచ్చి చాలా రోజులు మనసు కుదురుగా లేదు. మన దగ్గర జ్యోతి వెలిగించి, శాలువా కప్పి, ముఖ్య అతిథి ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వింటాం. శాలువా కప్పడం తప్పని నేను ఎప్పటికీ అనను, వచ్చినవాళ్లని గౌరవించడం మా అమ్మ నేర్పిన పద్ధతి, అది పోగొట్టుకోవాలని లేదు. కానీ శాలువా కప్పాక ఒక ప్రశ్న అడిగితే గౌరవం తగ్గుతుందా? ఇన్నేళ్లలో ఎన్ని సభలకు వెళ్లాను, ఎన్నిసార్లు మన ఊరి నుంచి వచ్చిన ఎమ్మెల్యేలతో ఫొటో దిగాను, ఒక్కరైనా లేచి బుడమేరు సంగతేంటండీ అని అడగడం చూడలేదు.

అలాగని మనకు ఇది తెలియదంటే కూడా ఒప్పుకోను. ఆవిడకి దూబగుంట రోశమ్మ గురించి చెప్పాను. నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకునే తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, మగవాళ్ల సంపాదన సారా కొట్టు తినేస్తోందని లేచి, 1990ల మొదట్లో వేలంపాటలు ఆపించి, రాష్ట్రమంతా కదిలించి, చివరికి 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం రోజే మద్యనిషేధం మీద సంతకం పెట్టేదాకా తీసుకెళ్లారు. ఆవిడ విని నోరు తెరిచింది. "ఇలాంటివాళ్ల బిడ్డవై ఉండి ఓటు లేదంటావేంటి" అంది. గెలిచాననుకున్న వాదన మళ్లీ నా మీదికే వచ్చింది.

భయం సంగతి మాత్రం ఆవిడకి పూర్తిగా అర్థం కాదు. గ్రీన్ కార్డుకి ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరు, అందుకే మనవాళ్లు దశాబ్దాలు లైన్లో ఉంటారు. ఉద్యోగం పోతే రెండు నెలల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పిల్లల స్కూలు, ఇంటి లోను అన్నీ వదిలేసి వెళ్లాలి. అలాంటప్పుడు ఎక్కడా పేరు పడకూడదని తల దించుకుని ఉంటాం. వాన నీటి గురించి మాట్లాడితే వీసా పోదని నాకూ తెలుసు, కౌన్సిల్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు, అయినా కడుపులో టెన్షన్ ఉంటుంది. ఇది పిరికితనం అనుకుంటే నేను ఒప్పుకోను, ఇల్లు నిలబెట్టుకోవడం కూడా బాధ్యతే.

ఇది చెప్పినప్పుడు ఆవిడ వాదించలేదు. ఎమ్మా టెనాయుకా గురించి చెప్పింది. 1938లో ఇదే ఊళ్లో పీకాన్ పప్పు ఒలిచే మెక్సికన్ ఆడవాళ్లకు పౌండుకి ఆరేడు సెంట్ల కూలి, అది కూడా తగ్గిస్తే దాదాపు 12,000 మంది పని ఆపేశారు, వాళ్ల ముందు నిలబడ్డ ఎమ్మాకి 21 ఏళ్లు. కొన్నాళ్లకి ఆమెకి ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదు, బెదిరింపులు, చివరికి ఊరే వదిలి వెళ్లాల్సి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చి టీచరైంది. "మా ఇళ్లలో కూడా ఆమె పేరు మెల్లగా పలికేవాళ్లు" అంది. విల్లీ వెలాస్కెజ్ గురించి కూడా చెప్పింది. 1974లో ఓటర్ల నమోదు ఉద్యమం మొదలుపెట్టి, 44 ఏళ్లకే 1988లో చనిపోయేదాకా ఊరూరా తిరిగాడు. 1966 దాకా టెక్సస్‌లో ఓటుకి పన్ను కట్టాలి, వీళ్లమ్మానాన్నలు తిండి ఖర్చా ఓటా అని ఆలోచించుకున్న రోజులవి. 1965లో వచ్చిన వలస చట్టం వల్లే కదా మనలాంటివాళ్లం ఇన్ని వేలమంది ఇక్కడికి రాగలిగాం, ఆ చట్టం వెనక ఉన్న పౌరహక్కుల ఉద్యమ కాలంలో వీధుల్లో నిలబడ్డవాళ్లలో మనవాళ్లు దాదాపు లేరు. ఇది గుర్తుపెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపించింది.

మీటింగ్‌కి వెళ్లాను. లైబ్రరీ గదిలో పాతిక ముప్పై మంది, మా వీధి నుంచి ఇంకో రెండు తెలుగు కుటుంబాలు వచ్చాయి. నాకిచ్చిన పని చిన్నది, మా వాడి బస్సు టైముకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తేదీలతో ఫొటోలు చూపించడం. గొంతు వణికింది కానీ చెప్పాను. కౌన్సిల్ మెంబర్ ఆఫీసు నుంచి వచ్చినతను గేటూ హెచ్చరిక లైట్లూ పెట్టే విషయం ఫలానా తేదీలోగా చెబుతానన్నాడు, ఆవిడ తేదీ రాసుకుని అతనికి చదివి వినిపించింది. వంతెన సంగతి ఇంకా తేలలేదు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడితే కొందరు మెచ్చుకున్నారు, ఒకాయన మాత్రం మనకెందుకమ్మా ఇవన్నీ, జాగ్రత్త అన్నారు. ఆయన మీద కోపం లేదు, ఆయన ఇంకా లైన్లోనే ఉన్నారు.

మొన్న నాన్నకి ఫోన్ చేసి, బుడమేరు గట్ల పని ఎంతవరకు వచ్చిందో మీ అపార్ట్‌మెంట్ సంఘం తరఫున కాగితం రాసి అడగండి, సమాచార హక్కు కింద అడగొచ్చు, అన్నాను. "మనం అడిగితే చెప్తారా" అన్నారు. చెప్పకపోతే ఎవరు చెప్పలేదో, ఏ రోజు చెప్పలేదో రాసిపెట్టండి నాన్నా అన్నాను. కాసేపు ఊరుకుని, మూడో అంతస్తులో రిటైరైన ఇరిగేషన్ ఇంజినీరు ఒకాయన ఉన్నారు, అర్జీ ఎలా రాయాలో ఆయన్ని అడుగుతాలే అన్నారు.