డికాక్షన్ రంగు లెన్సు

మావయ్య స్టూడియో మూసేశాక ఆయన పాత ఫిలిం కెమెరా, పెంటాక్స్ స్పాట్‌మాటిక్, నాకొచ్చింది. షట్టర్ బాగానే ఉంది, లెన్సే లేదు. ఎం42 అనే సైజు మరతో బిగించే లెన్సు ఏదైనా దీనికి పడుతుంది కదా అని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. "గాజు క్లీన్" అని రాశాడు అమ్మినాయన. ఫోన్ టార్చి వెనకనుంచి ఏటవాలుగా కొట్టి చూస్తే లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. కోఠిలో రిపేరు చేసే పెద్దాయన ఒక్క చూపుతో తేల్చేశాడు: "ఫంగస్ బాబూ. తుడుస్తా గానీ, కోటింగ్ తినేసిన చోట మచ్చ పోదు."

దాన్ని వెనక్కి పంపేశాను. కొరియర్ డబ్బులు నాకే పడ్డాయి. ఇక చేత్తో పట్టుకుని చూడకుండా కొనేది లేదనుకున్నాను.

సికింద్రాబాద్‌లో ఒకాయన దగ్గర పెంటాక్స్ వాళ్ల సూపర్ టాకుమార్ లెన్సులు రెండు దొరికాయి: 50 ఎంఎం ఎఫ్/1.4, 55 ఎంఎం ఎఫ్/1.8. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, అంత వెలుగు వస్తుంది. అడ్వాన్సు తీసుకుని వారం రోజులు ఇచ్చాడు. రెండింటిలోనూ ఫంగస్ లేదు. వెనకున్న చిన్న పిన్ను నొక్కితే ఎపర్చర్ (వెలుగు వచ్చే కన్నం) రేకులు టక్కున మూసుకోవాలి. నూనె పట్టి ఉంటే బద్ధకంగా కదులుతాయి. రెండూ టక్కుమన్నాయి. కానీ 1.4ని తెల్లకాగితం మీద పెట్టి చూస్తే గాజు డికాక్షన్ రంగులో ఉంది. ఏడు గాజుల టాకుమార్ 1.4లో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన గాజు వాడారు. దాని రేడియేషన్‌కే ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది.

200 ఐఎస్ఓ కలర్ రోలు ఒకటి లోడ్ చేశాను. స్పాట్‌మాటిక్ షట్టర్ వేగం 1/1000 సెకను దాటదు, మన ఎండలో 1.4 తెరిస్తే ఫొటో తెల్లబోతుంది. అందుకే పొద్దువాలేదాకా ఆగాల్సి వచ్చింది. గోడకి పేపరు అంటించి, ట్రైపాడ్ మీద రెండు లెన్సులతోనూ ఒక్కో ఎపర్చర్‌కి ఒక్కో ఫ్రేము తీశాను. తర్వాత మేనకోడల్ని మీటరు దూరంలో కూర్చోబెట్టి 1.4 దగ్గరే పన్నెండు ఫొటోలు తీశాను. ఆ దూరంలో ఫోకస్ నిలిచేది మూడు సెంటీమీటర్ల మందమే. పిల్ల ఊపిరి పీల్చినా కదిలిపోతుంది.

రోలు డెవలప్ అయి వచ్చేదాకా ఒకటే టెన్షన్. పేపరు అక్షరాలు 1.4 దగ్గర చదవగలం గానీ, చుట్టూ పల్చటి మంచు. 2.8కి వచ్చేసరికి కత్తిలా ఉన్నాయి. పన్నెండు ఫొటోల్లో కళ్లు నిలిచినవి అయిదు. మిగతావాటిలో ముక్కో, చెవో బ్రహ్మాండంగా వచ్చింది. తప్పు లెన్సుది కాదు, నాదే. అసలు 1.8తో పోలిస్తే 1.4 ఇచ్చే వెలుగు ఒకటిన్నర రెట్ల పైచిలుకు, అంతే. దానికోసం రెట్టింపు ధర! లెక్క ప్రకారం 55నే కొనాలి.

కొన్నది మాత్రం 50. ఆ అయిదింటిలో ఒకటి దీపం పక్కన తీసింది. ఆ ఫొటో చూశాక లెక్క గుర్తురాలేదు.

పసుపు పోవాలంటే ఎండ తగలాలట. వెనకవైపు అల్యూమినియం రేకు చుట్టి మేడమీద స్టీలు పళ్లెంలో పెట్టాను. "భూతద్దంతో కాగితాలు కాల్చినవాడివి, గుడ్డలకి దూరంగా పెట్టరా" అన్నారు నాన్న. మూడు వారాలకి డికాక్షన్ కాస్తా పల్చటి తేనె రంగుకి వచ్చింది. ఇంకో రెండు వారాలు ఉంచుతాను. ఎలాగూ వడియాల దగ్గర కాకులు తోలుతూ అమ్మ అక్కడే ఉంటోంది.