ప్లగ్గు పీకి చూశాకే కొన్నాం

మా మందుల కంపెనీలో ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) ఆగిందంటే గేటు దగ్గర లారీలు ఆగినట్టే. బ్యాచ్ రిలీజ్ కాదు, ఇన్‌వాయిస్ రాదు, సెక్యూరిటీ వాళ్ళు బండిని వదలరు. ఒరాకిల్ డేటాబేస్, వర్చువల్ మెషీన్లు, ఫైల్ షేర్లు అన్నీ ఒకే పాత స్టోరేజి మీద ఉన్నాయి. దానికి సపోర్టు ముగుస్తోందని, కొత్తది కొనాలని తెలిసినప్పటి నుంచీ నాకు టెన్షనే.

మొదటి పంచాయితీ, సర్వర్లను స్టోరేజికి కలపడానికి ఫైబర్ ఛానెలా (స్టోరేజికే ప్రత్యేకమైన నెట్‌వర్క్), ఎన్‌ఎఫ్‌ఎస్సా (మామూలు ఈథర్‌నెట్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) అని. ఫైబర్ ఛానెల్‌కు విడిగా స్విచ్‌లు కావాలి, సర్వర్లలో కార్డులు కావాలి, అన్నిటికీ మించి జోనింగ్ (ఏ సర్వరుకు ఏ స్టోరేజి కనిపించాలో స్విచ్‌లో పెట్టడం) తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ఉద్యోగం మారిపోయాడు. ఈథర్‌నెట్ అయితే మా వాళ్ళకు కొట్టిన పిండి. కానీ డేటాబేస్ చూసుకునే మా డీబీఏ గారు, "డేటాబేసును తీసుకెళ్ళి ఫైల్ షేరింగు మీద పెడతావా?" అని భయపడ్డారు. ఒరాకిల్ 11జీ నుంచి డైరెక్ట్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ క్లయింటును పక్కనపెట్టి డేటాబేసే స్టోరేజితో నేరుగా, నాలుగు దారుల దాకా వాడుకుంటూ మాట్లాడుతుంది. దారుల సంగతి చిన్నది కాదు. రెండు 10 గిగాబిట్ లింకులను ఎల్‌ఏసీపీతో (లింకులను ఒకటిగా కట్టే పద్ధతి) కలిపినా, ఒక టీసీపీ కనెక్షన్ ఒక లింకు మీదే పోతుంది, 20 రాదు. అందుకే ఒకటికి మించి దారులు కావాలి.

డెమోల్లో వెండర్లందరూ లక్షల్లో ఐఓపీఎస్ (సెకనుకు ఎన్ని రీడ్లు, రైట్లు) చూపించారు. టెస్టు ఫైలు మొత్తం కంట్రోలర్ (స్టోరేజిని నడిపే భాగం) క్యాష్‌లో, అంటే దాని వేగమైన మెమరీలో పట్టేస్తే రాక ఏం చేస్తుంది! క్యాష్‌కు ఎన్నో రెట్లు పెద్ద ఫైలు, 8 కేబీ బ్లాకులు, 70 శాతం రీడ్లు, 30 శాతం రైట్లు పెట్టి ఎఫ్‌ఐఓ (స్టోరేజి వేగం కొలిచే టూల్) నడపమన్నాను. జవాబుకు పట్టే సమయంలో సగటు కాదు, 99వ పర్సెంటైల్ (నూటికి 99 ఎంతలోపు పూర్తయ్యాయో) చూపించమన్నాను. రీడో లాగ్ (మార్పుల చిట్టా) భద్రంగా పడిందని జవాబు వచ్చేదాకా కమిట్ కొట్టినవాడు, అంటే ఎంట్రీ ఖాయం చేసినవాడు, ఎదురుచూడాల్సిందే కదా. ఒక వెండర్ ఇంజినీరు, సర్వర్లు హ్యాంగ్ కాకుండా స్టోరేజిని సర్వరుకు తగిలించేటప్పుడు సాఫ్ట్ మౌంట్ పెట్టుకోమన్నాడు. రాస్తుండగా మధ్యలో ఎర్రర్ ఇచ్చి చేతులు దులుపుకునే మౌంట్ మీద డేటాబేస్ పెట్టడం నా వల్ల కాదు. జవాబు వచ్చేదాకా ఎదురుచూసే హార్డ్ మౌంటే, ఆగితే ఆగనీ.

అసలు పరీక్ష తర్వాత పెట్టాం. లోడు నడుస్తుండగా ఒక కంట్రోలర్ పవర్ పీకేశాం. రెండోది బాధ్యత తీసుకుంది, పింగ్ వస్తోంది, డేటాబేస్ మాత్రం కదలదు. వెండర్ మనుషులు మొహాలు చూసుకున్నారు. మా నెట్‌వర్క్ తమ్ముడు ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 8972 బైట్ల పింగ్ కొట్టాడు. ఒక్కటీ రాలేదు. రెండో కంట్రోలర్ తగిలించిన స్విచ్ పోర్టులో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 దగ్గరే ఉండిపోయింది, మిగతా చోట్ల 9000. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి మాయం. సరిచేసి మళ్ళీ పీకితే, డేటాబేస్ కాసేపు నిలబడి దానంతటదే అందుకుంది.

"చెన్నైలో కాపీ ఉండాలి, ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు" అన్నారు ఎండీ గారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి చెన్నై గీత గీసినట్టు పోయినా 500 కిలోమీటర్ల పైనే. ఒక్కటీ పోకూడదంటే అక్కడా రాశాకే కమిట్ పూర్తవ్వాలి (సింక్రనస్), అంటే పోయి రావడానికే ప్రతి కమిట్‌కూ 5 మిల్లీసెకన్లు అదనం. అందుకని ఊళ్ళోనే ఉన్న రెండో ఆఫీసుకు సింక్రనస్, చెన్నైకి కొద్ది నిమిషాల వెనకగా అసింక్రనస్ (కమిట్ ఎదురుచూడకుండా) అని ఒప్పించాను.

చివరికి ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టెనే తీసుకున్నాం. మా డేటా సెంటర్‌లో మళ్ళీ పవర్ పీకి చూశాకే ఆఖరి విడత డబ్బు ఇస్తామని పర్చేజ్ ఆర్డర్‌లో రాయించాను. ఫైనాన్స్ సార్‌కు ఈ ప్రాజెక్టు మొత్తంలో నచ్చింది ఆ ఒక్క లైనే.