సలా అబూ సైఫ్: ఎడిటింగ్ గదిలో తయారైన దర్శకుడు

ఈజిప్టు సినిమా అంటే చాలామంది దర్శకుడు యూసఫ్ షహీన్ దగ్గరే ఆగిపోతారు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ కైరో సందుల్నీ సంతల్నీ అక్కడి మనుషుల మధ్య నిలబడి చూడాలంటే సలా అబూ సైఫ్ దగ్గరికే వెళ్లాలి. 1915లో కైరోలోని బులాక్ పేటలో పుట్టాడు. 1996లో పోయేనాటికి 40 దాకా సినిమాలు తీశాడు.

మహల్లా పట్టణంలోని బట్టల మిల్లులో ఉద్యోగం చేస్తుండగా, అక్కడ డాక్యుమెంటరీ తీయడానికొచ్చిన దర్శకుడు నియాజీ ముస్తఫా కంట్లో పడ్డాడు. ఆ చలవతోనే స్టూడియో మిస్ర్ అనే సినిమా స్టూడియో ఎడిటింగ్ విభాగంలో చేరాడు. 1946లో సొంతంగా తొలి సినిమా తీసేదాకా చాలా ఏళ్లు ఇతరుల రీళ్లు కత్తిరించడమే పని. ఏ షాటు ఎక్కడ ఆపితే కథ తెగుతుందో, ఎక్కడ ఆపితే అతుకుతుందో ఆయన చేతికి తెలిసింది అక్కడే.

దానికి రుజువు 1957 నాటి 'అల్ ఫుతువ్వా'. పల్లె నుంచి కైరో కూరగాయల మార్కెట్‌కి బతుకుతెరువు కోసం వచ్చిన హరీదీకి ముందుగా దొరికేది మెడ మీద దెబ్బ. సరుకంతా గుప్పిట్లో పెట్టుకుని ధర తన ఇష్టానికి ఆడించే పెద్ద వ్యాపారిని అతను ఎదిరిస్తాడు, పైకొస్తాడు, చివరికి తనూ అలాగే తయారవుతాడు. ఆఖర్న ఇంకో పల్లెటూరి మనిషి అదే మార్కెట్‌లో అడుగుపెడతాడు, అదే దెబ్బ తింటాడు. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. మొదటి షాటునీ చివరి షాటునీ పక్కపక్కన పెట్టడంలోనే తప్పు మనిషిది కాదు, మార్కెట్‌దని తెలిసిపోతుంది.

ఈజిప్టు నవలా రచయిత నజీబ్ మహఫూజ్‌ని స్క్రీన్‌ప్లే రచనలోకి లాగింది కూడా అబూ సైఫే. మహఫూజ్ ఇతరుల కథలకు స్క్రీన్‌ప్లేలు రాశాడు గానీ తన నవలల జోలికి పోలేదు. ఆ నవలల్లో మొదట తెరకెక్కింది 'బిదాయా వ నిహాయా' (1960), తీసింది మళ్లీ అబూ సైఫే. ఒమర్ షరీఫ్ అందులో తమ్ముడు. అక్కగా సనా జమీల్ నటన కోసమైనా చూడాలి.

లిఫ్టు ఆగిపోయి సినిమా తార, దొంగ, పిచ్చివాడు, నిండు గర్భిణి ఒకేచోట ఇరుక్కునే 'బైనస్సమా వల్ అర్ద్' ఇంకో రకం పరీక్ష. కెమెరాకు కదలడానికి చోటుండదు. ఎవరి ముఖం ఎప్పుడు చూపాలన్న లెక్క మీదే సినిమా నడవాలి.

కొత్తవాళ్లు 'అల్ ఫుతువ్వా'తో మొదలుపెట్టి, ఆపై 'బిదాయా వ నిహాయా', తర్వాత నీళ్లు మోసేవాడి కథ 'అస్సక్కా మాత్' (1977) చూడండి. ఇరాక్‌లో తీసిన యుద్ధ చిత్రం 'అల్ ఖాదిసియ్యా' (1981) అన్నిటికన్నా చివర చూసినా నష్టం లేదు.