బుడ్డోడి స్కేట్లు, అన్న లెక్కలు

"ఒక సైజు పెద్దది కొనుంటే రెండేళ్లు వచ్చేవి కదరా" అని అన్న ఈ సాయంత్రం తమ్ముడితో అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. మాట చిన్నదే. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు, వాడి కొడుకు బుడ్డోడికి తెలుగు అంత వేగంగా అందదు కనుక వాడికీ పట్టలేదు. నాకే ఎందుకో గుచ్చుకుంది. ఆ మాటలో మా నాయన గొంతు వినిపించడం వల్ల కావచ్చు.

కెనడాలోని ఎడ్మంటన్ నుంచి సెలవులకు వస్తూ బుడ్డోడు తన ఐస్ హాకీ స్కేట్లను, అంటే మంచు మీద జారడానికి అడుగున ఉక్కు బ్లేడు బిగించిన బూట్లను, జేజికి చూపించాలని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పందెం కోడికి కట్టినట్టు కాళ్లకు కత్తులేందిరా నాయనా" అంది. ఈ సాయంత్రం వాడు వాటిని తొడుక్కుని వసారాలో నిలబడ్డాడు. బ్లేళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేయనిదే లేవలేదు, ఎందుకంటే కడప బండల మీద పేరుకునే ఇసుక రేణువులు చాలు, ఆ అంచు మొద్దుబారడానికి.

స్కేటు కాలికి సరిపోయిందో లేదో చూసే పద్ధతిని తమ్ముడు ఓపికగా వివరించాడు. నిటారుగా నిలబడినప్పుడు వేళ్ల కొసలు బూటు ముందుభాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్లు వంచినప్పుడు మడమ వెనక్కి ఒదిగి, వేళ్లకు కాస్త చోటు చిక్కాలి. లేసు బిగించకముందు పై నుంచి మూడో రంధ్రం దగ్గర ఒక పెన్సిలును అడ్డంగా ఆనించి చూస్తారట. అది రెండు వైపుల అంచులనూ తాకకముందే పాదానికి తగిలితే బూటులో లోతు చాలలేదని అర్థం. కాలికి ఇంత దగ్గరగా ఒదగాలి కనుకే ఈ స్కేట్ల సైజు మామూలు బూట్ల సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువగా ఉంటుంది. కొన్న రోజున దుకాణంలోనే వాటిని చిన్న ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేసి, మెత్తబడిన బూటును పిల్లవాడి కాలికి తొడిగి, చల్లారేదాకా నడవనివ్వకుండా కూర్చోబెడతారు. అప్పుడు అది చీలమండ ఆకారానికి ఒదుగుతుంది. బూటు వదులైతే మడమ లేస్తుంది, చీలమండ ఊగుతుంది, బ్లేడు మనం ఒరగమన్న వైపుకు ఒరగదు. అన్న ఇదంతా విన్నాడు. విన్న తరువాతనే ఆ మాట అన్నాడు.

మా ఇంట్లో బూట్లు కొనడమంటే రాబోయే కాలానికి కొనడమే. జూన్‌లో బడి తెరిచే ముందు నాయన మమ్మల్ని వై.వి. వీధికి తీసుకువెళ్లి, అన్న కాలికి తెల్ల గుడ్డబూటు తొడిగించి, ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేవారు. ఆయన బొటనవేలు పూర్తిగా దిగినంత ఖాళీ ఉంటేనే ఆ జత ఇంటికి వచ్చేది. ఆ ఖాళీని అమ్మ పాత పరుపులోని దూదితో నింపేది. కాలు పెరిగే కొద్దీ దూది తీసేస్తూ వచ్చేవాళ్లం, దూది మొత్తం పోయి బూటు కాలికి సరిపోయే నాటికి అడుగు అరిగిపోయేది. ఆ స్థితిలో అవి అన్న నుంచి నాకు, నా నుంచి తమ్ముడికి వచ్చేవి. ఒక ఏడాది బడిలో పరుగు పందెం జరిగినప్పుడు అన్న కుడికాలి బూటు ఊడి ఎగిరి ఎక్కడో పడింది. వాడు ఆగకుండా ఒంటి బూటుతోనే గీత దాటి, అందరికంటే వెనుక వచ్చాడు. ఇంటికి వచ్చి చెబితే నాయన ఎన్నో స్థానమని అడగలేదు, బూటు దొరికిందా అని అడిగారు. అలాంటి అన్న ఈరోజు బుడ్డోడికి పెద్ద సైజు సిఫారసు చేస్తున్నాడు!

అక్కడితో ఆగినా బాగుండేది. అదే సమయానికి సాన పట్టే ఆయన సైకిలు తొక్కుకుంటూ మా సందులోకి వచ్చాడు. అమ్మ కత్తిపీట ఇచ్చింది. అన్న ఎవరినీ అడగకుండా స్కేటును కూడా తీసుకువెళ్లి ఆయన చేతికి ఇచ్చి, ఇక్కడైతే చవకలో పని అయిపోతుందని, కెనడాలో దీనికి పోసే డబ్బు దండగ అని నలుగురూ వినేలా ప్రకటించాడు. బుడ్డోడి ముఖం చూడలేకపోయాను. సాన ఆయన మాత్రం తొడుగు తీసి, బ్లేడు మీద గోరును నెమ్మదిగా జరిపి చూసి, "దీనికి రెండంచులు ఉండాయి సామీ, నడుమ గుంత ఉంది. నా చక్రం మీద పెడితే గుంత పోతుంది" అని వెనక్కి ఇచ్చేశాడు. మంచు గడ్డను ఎన్నడూ తొక్కని ఆ మనిషి ఒక్క గోటితో గ్రహించిన సంగతిని తమ్ముడు ఎంతసేపు వివరించినా మా అన్న గ్రహించలేదు. కత్తికి కావలసింది ఒక్క అంచు, దానిని చక్రానికి ఏటవాలుగా ఆనిస్తే చాలు. స్కేటు బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు, అందులోనే లోపలి అంచు ఒకటి, బయటి అంచు ఒకటి, రెండింటి నడుమ నిడివి పొడవునా సన్నని పల్లం. పదును పెట్టే యంత్రంలో చక్రం అంచును వజ్రపు మొనతో గుండ్రంగా చెక్కి, బ్లేడును దాని మీద నిలువునా నడిపిస్తారు. ఆ గుండ్రం వ్యాసార్ధం సాధారణంగా అర అంగుళం; అది తగ్గితే పల్లం లోతై అంచు మంచును గట్టిగా పడుతుంది, పెరిగితే పట్టు తగ్గి జారుడు ఎక్కువవుతుంది. పని పూర్తయ్యాక రెండంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో అడ్డంగా ఒక బద్ద ఆనించి చూస్తారు, ఎందుకంటే ఒక అంచు తగ్గితే పిల్లవాడు మలుపులో ఒక వైపుకు పడతాడు. ఇదంతా తమ్ముడు చెబుతుంటే అన్న, మన దేశంలో ఈ ఆట ఆడేది ఎవరని మాట మార్చాడు. లద్దాఖ్‌లో చెరువులు గడ్డకట్టినప్పుడు ఆడతారని, మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం కూడా తెచ్చిందని నేనే చెప్పాను. దానికీ అన్న దగ్గర జవాబు ఉంది కానీ ఇక్కడ రాయను.

ఇంతదాకా రాశాక నా కోపం కొంత పక్కకు జరుగుతోంది. ఈ జతను తమ్ముడు కొత్తగా కొనలేదట, బుడ్డోడి కంటే పెద్దవాడైన మరో పిల్లవాడు వాడి వదిలేసినది. ఎదిగే పిల్లల కాళ్లకు ఒక్కో జత ఒక్కో శీతాకాలమే వస్తుంది కనుక అక్కడ స్కేట్లు ఇంటి నుంచి ఇంటికి, అమ్మకపు సంతల నుంచి సంతలకు తిరుగుతూనే ఉంటాయి. పదును పెట్టిన ప్రతిసారీ ఉక్కు కాస్త కాస్త తరుగుతుంది, మరీ తరిగితే ఉక్కు ఒక్కటే మార్చుకోవచ్చు, బూటు మరో కాలికి పోతుంది. అంటే నాయన నడిపిన పద్ధతినే వాళ్లూ నడుపుతున్నారు. తేడా ఒక్కటే, అక్కడ ప్రతి పిల్లవాడికీ తన వంతు వచ్చేసరికి సరిపోయే సైజే దొరుకుతుంది. మా అన్నకు ఆ వంతు ఎన్నడూ రాలేదు. ఇంటికి మొదటివాడు కనుక కొత్త బూట్లు వాడివే, దూదీ వాడిదే. "పెద్దది కొనాల్సింది" అనడంలో బుడ్డోడి మీద లెక్కలేనితనం ఏమీ లేదని, తనకు తెలిసిన ప్రేమ ఆ కొలతలోనే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా అడగకుండా సానకు ఇవ్వడం నేను క్షమించను, అది వేరే లెక్క.

ఇక సామాను సంగతి. పెట్టెకు 23 కిలోలే అనుమతి. వంటింటి త్రాసు మీద స్కేట్లు కిలోన్నరకు కాస్త తక్కువ తూగాయి. అన్న ఆ బరువుకు నెయ్యి, కారంపొడి పంపవచ్చని మళ్లీ లెక్క చెప్పాడు. ఎటూ సెప్టెంబరు నాటికి ఇవి వాడి కాలికి చాలవన్నది నిజమే, కానీ ఎడ్మంటన్‌లో వీటి కోసం ఇంకో పిల్లవాడు ఎదురుచూస్తున్నాడు, కాబట్టి స్కేట్లు వెళ్లాల్సిందే. చూస్తే గోంగూర పచ్చడి డబ్బాను వాటి పక్కనే సర్ది పెట్టారు. ఉప్పు నీరు కారితే ఆ అంచులకు తుప్పు పడుతుంది. పొద్దున్నే డబ్బాను వేరే పెట్టెలోకి మార్పించాలి. నేను చెబితే అన్న వినడు, అమ్మతో చెప్పిస్తాను.